సోప్‌బాక్స్ రేసింగ్ క్లబ్‌లో చేరడం ఎలా: మొదటి పలకరింపు నుంచి మొదటి పోటీ దాకా

ఇంజను ఉండదు, పెడళ్లు ఉండవు. వాలు మీద బండిని వదిలితే భూమ్యాకర్షణే దాన్ని కిందికి లాక్కుపోతుంది. డ్రైవరు చేతిలో ఉండేవి స్టీరింగు, బ్రేకు మాత్రమే. సోప్‌బాక్స్ రేసింగ్ అందమంతా ఈ పరిమితిలోనే ఉంది. పైన ఎంత శక్తి ఇచ్చారో అంతే, మళ్లీ ఇచ్చేవాళ్లు లేరు. దారి పొడుగునా దాన్ని ఎంత తక్కువ పోగొట్టుకున్నామన్నదే ఆట.

దీని మీద మనసు పడ్డవాళ్లలో చాలామంది ముందుగా ప్లైవుడ్, చక్రాలు కొనుక్కొస్తారు. నెలల తరబడి కష్టపడి బండి కట్టి క్లబ్బుకు తీసుకెళ్లాక వెడల్పు ఎక్కువైందనో, బ్రేకు రకం చెల్లదనో తెలుస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే వరుస వేరు. ముందు క్లబ్బు, తర్వాత కొండ, ఆ తర్వాతే సొంత బండి.

1. ఏ రకం పోటీ కావాలో తేల్చుకోండి

సోప్‌బాక్స్ అన్న ఒక్క పేరు కింద వేర్వేరు ఆటలున్నాయి. ఒక క్లబ్బులో పనికొచ్చే బండి ఇంకో క్లబ్బులో తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోవచ్చు.

అన్నిటికంటే పేరున్నది పిల్లల డెర్బీ, అంటే పిల్లల బళ్ల పందెం. 1933లో అమెరికాలోని డేటన్‌లో కుర్రాళ్లు తాము చేసుకున్న బళ్లతో పందేలు వేసుకుంటుంటే మైరన్ స్కాట్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ చూశాడు. మరుసటి ఏడాదే అక్కడ ఆల్ అమెరికన్ సోప్ బాక్స్ డెర్బీ మొదలైంది. 1935లో అది యాక్రన్‌కు మారింది. ఆ పోటీ 7 నుంచి 20 ఏళ్ల వయసువాళ్లకే. ట్రాక్ తిన్నగా ఉంటుంది, బళ్లు నిర్ణీత కిట్ల ప్రకారం తయారవుతాయి. మీ ఇంట్లో పిల్లలు ఉత్సాహపడుతుంటే ఈ పద్ధతిలో నడిచే క్లబ్బులు చూడండి. ఇక్కడ చేరేది పిల్లలే అయినా, బండి బిగించే బల్ల దగ్గర పెద్దవాళ్లు కూడా కూర్చోవాల్సిందే.

పెద్దవాళ్లకు నచ్చేది మలుపుల రోడ్డు మీద, గడియారంతో పోటీపడే రకం. యూరప్‌లో దీన్ని స్పీడ్ డౌన్ అంటారు. ఒక్కో బండిని విడిగా వదిలి, ఎంత సమయం పట్టిందో లెక్కిస్తారు. వేగం ఎక్కువ, నిబంధనలు కఠినం. అనుభవం విలువ తెలిసేది ఇక్కడే.

ఇవి కాక వేడుక పోటీలున్నాయి. రెడ్ బుల్ సంస్థ 2000లో బ్రస్సెల్స్‌లో మొదలుపెట్టిన సోప్‌బాక్స్ రేసుల్లో వేగంతో పాటు బండి రూపానికి, జట్టు ప్రదర్శనకు కూడా మార్కులుంటాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మౌంట్ టేబర్ అనే కొండ మీద 1997 నుంచి పెద్దవాళ్ల సోప్‌బాక్స్ డెర్బీ జరుగుతోంది. ఇలాంటివి చూడ్డానికి బావుంటాయి, జట్టుగా పనిచేయడమూ నేర్పుతాయి. కానీ ఏడాదికోసారి జరిగే వేడుకతో డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలంటే ఏడాది పొడుగునా కొండెక్కే క్లబ్బే కావాలి.

2. క్లబ్బును ముందు కళ్లారా చూడండి

ఫీజు కట్టేముందు ఒక సాధన రోజుకు వెళ్లి నిలబడి చూడండి. ఎవరు గెలుస్తున్నారన్నది పక్కన పెట్టి వీటిని గమనించండి.

రోడ్డును అధికారికంగా మూసేశారా? అడ్డుదారుల నుంచి స్కూటరో, పిల్లవాడో లోపలికి వచ్చే వీలుందా? ప్రతి మలుపు దగ్గరా మార్షల్, అంటే దారిని కాపలా కాస్తూ జెండాతో సంకేతాలిచ్చే మనిషి, ఉన్నాడా? ఒక మార్షల్‌కు తర్వాతి మార్షల్ కనబడుతున్నాడా? మలుపుల బయటి అంచున గడ్డిమోపులో, టైర్ల వరసో ఉన్నాయా? ముగింపు గీత దాటాక బండి ఆగడానికి ఎంత చోటు వదిలారు? ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు చేతిలో పెట్టెతో సిద్ధంగా ఉన్నారా? ప్రేక్షకులను ఎక్కడ నిలబెట్టారు?

ఈ చివరి ప్రశ్నకు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. 1935లో యాక్రన్ పోటీలో ఒక బండి అదుపుతప్పి, రేడియో వ్యాఖ్యానం చెబుతున్న గ్రాహమ్ మెక్‌నామీ, టామ్ మానింగ్‌లను గుద్దేసింది. మరుసటి ఏడాదికి అక్కడ డెర్బీ డౌన్స్ అనే ప్రత్యేక ట్రాక్ తయారైంది. బండి తప్పితే ఎటు పోతుందో ముందే ఊహించి, అటువైపు మనుషుల్ని ఉంచని క్లబ్బే మంచి క్లబ్బు.

బండి బోల్తా పడ్డప్పుడో, గోడకు రాసుకున్నప్పుడో వాళ్లు ఏం చేస్తారో కూడా చూడండి. వెంటనే పైన స్టార్టింగ్ ఆపేసి, డ్రైవరుతో మాట్లాడి, హెల్మెట్ చూసి, కారణం తేలాకే మళ్లీ మొదలుపెడితే ధైర్యంగా చేరండి. చప్పట్లు కొట్టి తర్వాతి బండిని వదిలేస్తే వచ్చిన దారినే వెళ్లిపోండి.

3. నిర్వాహకులను అడగాల్సినవి

మొహమాటపడకుండా అడగండి. నిబంధనల పుస్తకం చేతికిస్తారా? ఏ ఏడాదిది? ప్రమాద బీమా ఉందా, అది డ్రైవరుకు వర్తిస్తుందా లేక మూడో వ్యక్తికి జరిగే నష్టానికేనా? సాధన రోజులకూ ఉందా, పోటీ రోజుకేనా? కొత్తవాళ్లు నడపడానికి క్లబ్బు బండి ఉందా? కొత్తవాళ్లను నేరుగా కొండ కొన నుంచి వదులుతారా, మధ్య నుంచి మొదలుపెడతారా? కొన్ని బీమా పత్రాలు సాధన రోజుల్ని మినహాయిస్తాయి. నోటిమాట చాలదు, పత్రం చూపించమనండి.

సభ్యత్వ కాగితాల్లో సాధారణంగా వయసు ధ్రువీకరణ, ఆరోగ్య వివరాలు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలన్న సమాచారం, ప్రమాదాన్ని ఎరిగే పాల్గొంటున్నానన్న అంగీకార పత్రం ఉంటాయి. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం కావాలి. అంగీకార పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదివాకే సంతకం పెట్టండి. ఆరోగ్య వివరాల్లో ఏదీ దాచకండి. మూర్ఛ, కళ్లు తిరగడం, మెడ నొప్పి లాంటివి ఉంటే ముందు వైద్యుణ్ని అడగండి.

4. మొదట కొండ కింద పనిచేయండి

చేరిన మొదటి సీజన్‌లో డ్రైవరు సీటు కోసం తొందరపడొద్దు. బళ్లను తిరిగి పైకి చేర్చే పని, గడ్డిమోపులు మోసే పని, టైమింగ్ బల్ల, మలుపు దగ్గర జెండా, వీటిల్లో ఏదైనా అడిగి తీసుకోండి. క్లబ్బు నడిచేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల వల్లే. మీరు దేనికి వచ్చారో పాత సభ్యులకు అర్థమయ్యేదీ అక్కడే.

అందులో మీకు దక్కే చదువు తక్కువేం కాదు. మలుపు దగ్గర ఒక పూట మార్షల్‌గా నిలబడితే, పదుల సంఖ్యలో బళ్లు అదే మలుపును పదుల రకాలుగా తిరగడం కనబడుతుంది. ఎవరు ముందే బ్రేకు వేశారు, ఎవరి వెనక చక్రం గాల్లోకి లేచింది, ఎవరి టైరు కీచుమంది, కాసేపటికి ఇవన్నీ మీకే తెలిసిపోతాయి. టైరు కీచుమంటే పైనుంచి తెచ్చుకున్న శక్తి రాపిడిలో ఖర్చవుతోందని అర్థం. నిశ్శబ్దంగా మలుపు దాటిన బండే సాధారణంగా కింద ముందుంటుంది. ఇది పుస్తకంలో చదివితే మనసుకెక్కదు, అక్కడ నిలబడి వింటేనే ఎక్కుతుంది.

5. ఒంటి మీద ఏముండాలి

గడ్డాన్ని కూడా కప్పే పూర్తి హెల్మెట్, వేళ్లన్నీ మూసే తోలు గ్లౌజులు, మోచేతి మోకాలి ప్యాడ్లు, పొడుగు చేతుల మందపాటి చొక్కా, ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు. వీటిలో హెల్మెట్ ఒక్కటీ కొత్తదే కొనండి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ లోపలి పొర నలిగిపోతుంది, పైకి ఏమీ కనబడదు. అందుకే ఎవరో వాడినది తీసుకోవద్దు. మీది కిందపడి దెబ్బతిన్నా మార్చేయండి. బూట్ల లేసులు లోపలికి దోపుకోండి. వేలాడే చున్నీ, మెడలో గొలుసు, విప్పి వదిలిన జుట్టు చక్రాల దగ్గరికి రాకూడదు.

6. క్లబ్బు బండిలో మొదటి దిగుడు

వేగం ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోండి. రాపిడి, గాలి అడ్డు లేవనుకుంటే, 5 మీటర్ల ఎత్తు దిగిన బండి గంటకు దాదాపు 36 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 10 మీటర్లకు 50, 20 మీటర్లకు 71. ఎత్తు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లవుతుంది. నిజమైన రోడ్డు మీద ఇంతకంటే తక్కువే వస్తుంది, కానీ గరిష్ఠం ఎంతో తెలిసి ఉండటం మంచిది. ఆగడానికి పట్టే దూరం మాత్రం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. చదును నేల మీద ఓ మాదిరి మంచి బ్రేకుతో గంటకు 36 కిలోమీటర్ల నుంచి ఆగడానికి 12, 13 మీటర్లు పడితే, 72 నుంచి ఆగడానికి 50 మీటర్లు కావాలి. వాలు మీదైతే ఇంకా ఎక్కువ. చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపు దొర్లిపోయే దూరం దీనికి అదనం.

అందుకే మొదటి దిగుడు కొండ కింది భాగం నుంచే ఉండాలి. ఒక్కో మెట్టులో ఏం చేయాలో చెబుతాను.

ముందు, బండి కదలకుండా ఉండగానే కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పండి, కళ్లు మూసుకుని బ్రేకు పట్టుకోవడం అలవాటు చేసుకోండి. తర్వాత, వాలు చివర్లో కొన్ని మీటర్ల ఎత్తు నుంచి వదలమని చెప్పి, ముగింపు గీత దాకా వెళ్లకుండా మధ్యలోనే రెండుసార్లు పూర్తిగా ఆపండి. మీ బ్రేకు ఎంత దూరంలో ఆపుతుందో ఒంటికి తెలిసిపోవాలి. ఆపడం నమ్మకంగా వచ్చాకే పైకి జరగండి. ఒక్కోసారి కొంచెమే జరగండి.

తిన్నని రోడ్డు మీద స్టీరింగు ఎంత తక్కువ కదిపితే అంత మంచిది. కొత్తవాళ్లు భయంతో స్టీరింగును గట్టిగా బిగించి పట్టుకుని చిన్నచిన్నగా కొడుతుంటారు. ప్రతి కుదుపుకూ కొంత వేగం పోతుంది, బండి పాములా మెలికలు తిరగడం మొదలుపెడితే అదుపే తప్పుతుంది. చేతులు వదులుగా ఉంచి, చూపును ముందు చక్రాల మీద కాకుండా దూరంగా, మీరు వెళ్లాల్సిన చోట నిలపండి. బండి చూపు వెంటే పోతుంది. గడ్డిమోపును చూస్తే గడ్డిమోపు వైపే వెళ్తుంది.

మలుపుకు ముందే, బండి ఇంకా తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు పని పూర్తి చేయాలి. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేస్తే టైరు పట్టు ఆగడానికీ తిరగడానికీ పంచుకోవాల్సి వచ్చి రెండూ చెడతాయి. బయటి అంచు నుంచి ప్రవేశించి, లోపలి అంచును తాకుతున్నంత దగ్గరగా దాటి, మళ్లీ బయటికి వదిలేయండి. అలా చేస్తే మలుపు వంపు తగ్గుతుంది, వేగం మిగులుతుంది.

ఇవేవీ వాహనాలు తిరిగే రోడ్డు మీద సాధన చేయొద్దు. బండి కిందికి ఉండి, డ్రైవర్ల కళ్లకు కనబడదు. తెల్లవారుజామున ఖాళీగా కనిపించే రోడ్డు కూడా మూసిన రోడ్డు కాదు.

7. ఇప్పుడు సొంత బండి

నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని, పొడవు, వెడల్పు, బరువు పరిమితి, చక్రాల సైజు ఒక కాగితం మీద రాసుకోండి. బొమ్మ గీసి, చెక్క కోసేముందే క్లబ్బు సాంకేతిక తనిఖీదారుకు చూపించండి. కాగితం మీద దిద్దుకోవడం తేలిక.

బండిని బ్రేకు దగ్గర నుంచి మొదలుపెట్టి కట్టండి. చాలామంది బ్రేకును చివర్లో, మిగిలిన చోట్లో ఇరికిస్తారు. అలాంటి బ్రేకు బలహీనంగానే ఉంటుంది. కింది నుంచి రబ్బరు దిమ్మను రోడ్డుకు నొక్కే బ్రేకు సులువైనది, కానీ తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. నొక్కినప్పుడు అది చక్రాల మీది బరువును కొంత తీసేసుకుంటుంది కాబట్టి స్టీరింగు పట్టు కూడా తగ్గుతుంది. చక్రాలకు బిగించే డిస్కు, డ్రమ్ము బ్రేకులు మెరుగైనవి. ఏదైనా సరే, ఎడమ కుడి చక్రాలను సమానంగా పట్టుకోవాలి. ఒక పక్కే పట్టుకుంటే బండి అటు తిరిగిపోతుంది. డ్రైవరు కూర్చున్నాక, మీరు పోటీపడబోయే వాలులో అతి నిటారు చోట నిలిపి, బ్రేకుతో బండి కదలకుండా ఉంటుందో లేదో చూడటం మొదటి పరీక్ష. బూటును రోడ్డుకు రాపించి ఆపడం బ్రేకు కిందికి రాదు.

స్టీరింగులో ముఖ్యం వదులు లేకపోవడం. ముందు ఇరుసు మొత్తం మధ్య బోల్టు మీద తిరిగి, తాడుతో లాగే పాత పద్ధతి నెమ్మదైన చిన్న వాలుకు చాలు. కానీ తాడు సాగుతుంది, గతుకులో ఇరుసు ఒక్కసారిగా తిరిగిపోయే ప్రమాదముంది. వేగం పెరిగే కొండకు చక్రాలు విడివిడిగా తిరిగే, కడ్డీలతో కలిపిన స్టీరింగు కట్టండి. రెండు పక్కలా ఒక హద్దు దాటి తిరగకుండా అడ్డు పెట్టండి. చేతిని కొంచెం కదిపితే చక్రం చాలా తిరిగేలా ఉండకూడదు. పార్కింగ్ స్థలంలో చలాకీగా అనిపించే స్టీరింగు కొండ మీద భయపెడుతుంది.

చక్రాల దగ్గర ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. సైకిల్ మలుపులో పక్కకు వాలుతుంది కాబట్టి బరువు ఎక్కువగా చక్రం నిలువునే పడుతుంది. సోప్‌బాక్స్ బండి వాలదు, పక్క నుంచి వచ్చే తోపునంతా చక్రమే మోయాలి. పెద్ద సైకిల్ చక్రం ఆ తోపుకు వంగి మడత పడవచ్చు. పైగా సైకిల్ ఇరుసు రెండు వైపులా పట్టి ఉంచడానికి చేసినది, ఒక్క వైపే బిగిస్తే వంగిపోతుంది. అందుకని చిన్న చక్రాలు, మందమైన ఇరుసులు ఎంచుకోండి. చిన్న చక్రానికి ఇంకో లాభం ఉంది, దాని అంచున బరువు తక్కువ. చక్రం అంచున ఉన్న బరువును ముందుకు తోయడానికీ తిప్పడానికీ రెండింటికీ శక్తి కావాలి, అంటే అది దాదాపు రెండింతల లెక్క. బరువు అవసరమైతే చట్రంలో పెట్టండి, చక్రాల్లో కాదు.

వేగానికి అన్నిటికంటే చవకైన మందు చక్రాల సమాంతరత. ముందు చక్రాల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందు వైపూ వెనక వైపూ కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. డ్రైవరు బండిలో కూర్చున్నప్పుడే కొలవండి, ఎందుకంటే బరువుకు ఇరుసు వంగి కొలత మారుతుంది. వంకరగా ఉన్న చక్రం దిగినంతసేపూ రోడ్డును గీకుతూనే ఉంటుంది, ఎంత ఖరీదైన బేరింగు వేసినా ఆ నష్టం పూడదు. గాలి టైర్లయితే టైరు పక్కన ముద్రించిన గరిష్ఠానికి లోబడి గట్టిగా కొట్టించండి.

బరువు గురించి వాదనలు ఎక్కువ. వాస్తవం ఇది. భూమి అందరినీ ఒకేలా లాగుతుంది, చక్రాల దొర్లుడు నష్టం కూడా బరువుతో పాటే పెరుగుతుంది. గాలి అడ్డు మాత్రం బరువును బట్టి మారదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఒకే ఆకారంలో ఉన్న రెండు బళ్లలో బరువైనది వేగం పెరిగే కొద్దీ ముందుకు పోతుంది. పరిమితి దాకా బరువు పెట్టుకోవడం అందుకే. కానీ బరువు పెరిగితే బ్రేకు పనీ పెరుగుతుంది. పెట్టిన దిమ్మలు నేలకు దగ్గరగా, బండి మధ్యలో, బోల్టులతో బిగించి ఉండాలి. ఇసుక సంచిని వదులుగా పడేస్తే గుద్దుకున్నప్పుడు అది మీ వీపు మీదికొస్తుంది.

మిగతావి క్లుప్తంగా: పాదాలు కింద రోడ్డుకు తగలకుండా పూర్తి నేల పలక, తల వెనక మెత్తటి దన్ను, ఎక్కడా మొన తేలిన అంచు లేకపోవడం. బెల్టు విషయం క్లబ్బు చెప్పినట్టే చేయండి. బోల్తా రక్షణ కమ్మి ఉన్న బండికి బెల్టు ప్రాణరక్ష, కమ్మి లేని తెరిచిన బండిలో అదే బెల్టు మిమ్మల్ని బండి కింద బంధించవచ్చు.

8. తనిఖీ బల్ల దగ్గర

పోటీ రోజు ఉదయం ప్రతి బండినీ తనిఖీదారులు చూస్తారు. వాళ్లు మొదట వెతికేది నట్లు. అదురుకు మామూలు నట్టు వదులైపోతుంది. స్టీరింగు, బ్రేకు, ఇరుసుల దగ్గర నైలాన్ వలయం ఉన్న లాకింగ్ నట్లో, పిన్ను దూర్చిన నట్లో ఉండాలి. ప్రతి నట్టు మీదా పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. అది నట్టు మీదా, పక్క లోహం మీదా కలిసి ఉంటే, వదులైందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. తనిఖీదారులకు ఇది చాలా నచ్చుతుంది.

నిబంధనలను వంచే ఆలోచన దగ్గరికి రానివ్వకండి. 1973 డెర్బీలో గెలిచిన బండి ముక్కులో విద్యుదయస్కాంతం దాచారని తర్వాత బయటపడింది. బళ్లను ఆపి ఉంచే ఇనుప పలక ముందుకు పడేటప్పుడు అది బండిని తనతో లాగింది. విజేతను అనర్హుడిగా ప్రకటించారు. ఇన్నేళ్లయినా ఆ ఏడాది పేరెత్తితే డెర్బీ మనుషులకు ముందు గుర్తొచ్చేది అదే. న్యాయంగా నడపడానికి వాళ్లు పాటించే పద్ధతి మాత్రం నాకెంతో ఇష్టం. ట్రాక్ మీద పక్కపక్క వరసల్లో ఇద్దరు పోటీపడ్డాక ఆ వరసలు మార్చుకుంటారు, చక్రాలు కూడా మార్చుకుంటారు, మళ్లీ దిగుతారు. రెండు సార్ల తేడా కలిపి విజేతను నిర్ణయిస్తారు. మంచి వరస దొరికిందనో, మంచి చక్రాలున్నాయనో అనడానికి వీలుండదు.

9. మొదటి పోటీ రోజు

తెల్లవారక ముందే చేరుకుని కొండను కాలినడకన పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నడవండి. గుంతలు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డుపై రంగు గీతలు, చెట్టు నీడలో ఆరని తడి, పోగుపడ్డ ఇసుక ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. రంగు గీతలు, ఇనుప మూతలు తడిస్తే టైరు జారుతుంది.

డ్రైవర్ల సమావేశంలో జెండాల అర్థం మళ్లీ చెబుతారు. ఎర్ర జెండా అంటే వెంటనే, అదుపుగా ఆగడం. మిగతావి క్లబ్బును బట్టి మారవచ్చు, కాబట్టి పాతవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నా మీరు చెవులొగ్గి వినండి. మొదటి దిగుడు సాధన దిగుడు అయితే దాన్ని పూర్తి వేగంతో వాడుకోకండి, మలుపుల దగ్గర బ్రేకు ఎక్కడ వేయాలో గుర్తులు పెట్టుకోవడానికి వాడుకోండి. కరెంటు స్తంభం, గోడ మీద మచ్చ, ఏదైనా కదలని గుర్తే కావాలి. నిలబెట్టిన మనిషినో, ఆగి ఉన్న వాహనాన్నో గుర్తుగా తీసుకుంటే రెండోసారికి అది అక్కడ ఉండదు.

స్టార్ట్ దగ్గర తల దించి, భుజాలు దగ్గరికి లాక్కుని, చూపు మాత్రం రోడ్డు మీద ఉంచండి. గాలి తప్పించుకోవాలని కళ్లు కూడా దించేయకండి. ముగింపు గీత దాటాక వెంటనే ఊపిరి వదిలేసి చేతులెత్తకండి. బండి పూర్తిగా ఆగి, మార్షల్ పక్కకు తీసుకెళ్లేదాకా పోటీ నడుస్తున్నట్టే. వెనక ఇంకో బండి వస్తుంటుంది.

దిగాక వేడి చల్లారకముందే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి: రోడ్డు పొడా తడా, టైరు గాలి ఎంత, సమయం ఎంత, ఏ మలుపులో ఎక్కడ బ్రేకు వేశారు. ఒక దిగుడుకు ఒక్క మార్పే చేయండి. గాలీ, బరువూ, స్టీరింగూ ఒకేసారి మారిస్తే ఏది లాభించిందో తేలదు. ఇంటికి తెచ్చాక బండిని బోర్లించి పెయింటు గీతలన్నీ చూడండి, బ్రేకు దిమ్మ ఎంత అరిగిందో స్కేలుతో కొలిచి ఆ అంకె కూడా అదే పేజీలో రాయండి. ఒక పోటీ రోజులో ఎంత అరుగుతుందో తెలిస్తే, దిమ్మ ఎప్పుడు మార్చాలో తర్వాతి కొండకు బయల్దేరే ముందే మీకు తెలుస్తుంది.